రీఫినిష్ చేసిన 1956 మార్టిన్ డి-18: కొనే ముందు ఏం చూడాలి, ఎంత పెట్టాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. డాలస్‌లో పాత గిటార్లు అమ్మే ఒకాయన దగ్గర 1956 నాటి మార్టిన్ డి-18 వాయించి చూశారు. దాని అసలు లక్కర్ పూత తీసేసి 1980లలో ఎవరో కొత్త పూత వేశారు, అంటే రీఫినిష్ చేశారు. ధ్వని మీకు బాగా నచ్చింది. ఆయన 3,400 డాలర్లు అడుగుతున్నాడు. అసలు ఫినిష్‌తో ఉన్న అదే కాలపు డి-18 మీకు 6,000 దగ్గర కనిపించింది. రీఫినిష్ వల్ల టోన్ పోతుందా, ఈ ధరకు కొనవచ్చా, కొన్నాక మళ్ళీ పాత పద్ధతిలో ఫినిష్ చేయించాలా, రెండేళ్ళలో హైదరాబాద్ తిరిగి వస్తే అక్కడి వాతావరణానికి తట్టుకుంటుందా అన్నవి మీ సందేహాలు.

వాయించుకోవడానికే అయితే కొనండి, కానీ 3,400కు వద్దు. నెక్ రీసెట్ (నెక్ విడదీసి, కోణం సరిచేసి మళ్ళీ బిగించడం) అయి ఉన్నా 3,200 దాటకండి. రీఫినిష్ చేసినంత మాత్రాన టోన్ పోదు. పాత పూత తీసేటప్పుడు కింది చెక్క ఎంత అరిగింది, కొత్తగా ఏ పూత ఎంత మందాన వేశారు అన్న రెండు విషయాలే టోన్‌ను నిర్ణయిస్తాయి. రెండూ కొలిచి చూడగలిగినవే. ఇక మళ్ళీ ఫినిష్ చేయించడమంటారా, ఒకే ఒక్క పరిస్థితిలో తప్ప వద్దంటాను. దాని సంగతి కింద చెబుతాను.

ముందు ఈ గిటార్ ఎలా ఉండాలో తెలిస్తే ఏం మారిందో తెలుస్తుంది. 1956 డి-18 అంటే పైపలక సిట్కా స్ప్రూస్, వెనక, పక్కలు మహోగని, ఫింగర్‌బోర్డ్, తీగలు బిగించే బ్రిడ్జ్ రోజ్‌వుడ్. లోపల పైపలకకు దన్నుగా ఎక్స్ ఆకారంలో అతికించిన చెక్క బద్దీలు, అంటే బ్రేసులు, ఉంటాయి. బ్రేసులను మధ్యలో లోతుగా చెక్కి తేలిక చేసే పద్ధతిని మార్టిన్ 1944 చివర్లోనే ఆపేసింది కాబట్టి 1956 గిటార్‌లో బ్రేసులు చివరలకు ఏటవాలుగా సన్నబడాలే గానీ మధ్యలో గుంట పడి ఉండకూడదు. బ్రిడ్జ్ కింద లోపలివైపు చిన్న మేపుల్ పలక ఉంటుంది. నెక్ లోపల టీ ఆకారపు ఉక్కు కడ్డీ ఉంటుంది, దాన్ని తిప్పి సరిచేయడం కుదరదు. తిప్పే ట్రస్ రాడ్ మార్టిన్‌లో 1985లో గానీ రాలేదు. శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సన్నని పట్టీ) గాడి బ్రిడ్జ్‌కు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కోసి ఉంటుంది. సీరియల్ నంబర్, మోడల్ పేరు సౌండ్‌హోల్‌లోంచి చూస్తే కనిపించే నెక్ బ్లాక్ మీద అచ్చు గుద్ది ఉంటాయి. 1956కు 147329 నుంచి 152775 దాకా. ముందు ఆ నంబర్ సరిచూసుకోండి.

పూత టోన్‌ను ఎలా మారుస్తుంది

దీని మీద నమ్మకాలు ఎక్కువ, లెక్క వేసేవాళ్ళు తక్కువ. ఒకసారి లెక్క వేద్దాం. డ్రెడ్‌నాట్ (డి-18 లాంటి పెద్ద ఒంటి గిటార్) పైపలక వైశాల్యం దాదాపు 1,550 చదరపు సెంటీమీటర్లు. మందం 2.9 మిల్లీమీటర్లు అనుకుంటే, బ్రేసులు కలపకుండా, ఆ చెక్క బరువు 190 గ్రాముల ప్రాంతంలో ఉంటుంది. ఫ్యాక్టరీ నైట్రోసెల్యులోజ్ లక్కర్ పూత మందం 0.12 నుంచి 0.15 మిల్లీమీటర్లు, అంటే సుమారు 25 నుంచి 30 గ్రాములు. లక్కతో చేత్తో వేసే ఫ్రెంచ్ పాలిష్ 0.05 మిల్లీమీటర్లకు మించదు, పది గ్రాముల లోపే. అదే మందంగా కొట్టిన పాలిస్టర్ (ప్లాస్టిక్ రకం పూత) 0.4 మిల్లీమీటర్లు ఉందంటే 70 గ్రాములు దాటిపోతుంది. 190 గ్రాముల పలక మీద 30 గ్రాములు మోయడం వేరు, 70 గ్రాములు మోయడం వేరు. తీగ ఇచ్చే శక్తి అంతే కాబట్టి బరువు పెరిగితే పలక కదలిక తగ్గుతుంది. గిటార్ నోరు నొక్కేసినట్టు వినిపిస్తుంది, ముఖ్యంగా మెల్లగా వాయించినప్పుడు.

కాబట్టి పలుచటి నైట్రోతో జాగ్రత్తగా రీఫినిష్ చేసి ఉంటే, పూత వరకు చూస్తే అసలుదానికీ దీనికీ చెవికి తెలిసేంత తేడా ఉండకూడదు. 1980లలో వేసినదంటే నలభై ఏళ్ళు గడిచాయి. నైట్రోలో మిగిలిన ద్రావకం ఎప్పుడో ఆవిరైపోయి, పూత ఇంకా పలుచబడి, గట్టిపడి ఉంటుంది. ఆ కోణంలో మీకు అనుకూలమే.

పూత కంటే చెక్క అరగడమే అసలు ప్రమాదం. పలక బిగువు దాని మందం ఘనాన్ని బట్టి మారుతుంది. 2.9 మిల్లీమీటర్ల పలకను శాండింగ్ మెషిన్ పెట్టి 2.6కు తెచ్చారనుకోండి, మందం పదో వంతే తగ్గింది, బిగువు మాత్రం పావు వంతుకు పైగా పోయింది. 2.4కు తెస్తే దాదాపు సగం పోయినట్టే. రీఫినిష్ చేసేవాళ్ళలో చాలామంది పాత పూత తీయడానికి శాండ్ పేపర్ మీదే ఆధారపడతారు. గీతలు, సొట్టలు పోయేదాకా రుద్దుతారు. అక్కడే నష్టం జరుగుతుంది, తీసేసిన చెక్కను తిరిగి పెట్టడం ఎవరి తరమూ కాదు.

ఇక్కడ కొనేవాళ్ళు మోసపోయే చోటు ఒకటుంది. అరిగిన పలక మొదట్లో అద్భుతంగా వినిపిస్తుంది. బిగువు తగ్గింది కాబట్టి చిన్న మీటుకే కదులుతుంది, బేస్ పొంగుతుంది, ఒళ్ళో పెట్టుకుంటే పొట్టకు అదురు తెలుస్తుంది. పది నిమిషాలు వాయించి ‘‘ఎంత టోనో!’’ అనుకుని కొనేస్తారు. మీకు నచ్చిన ధ్వని ఆ రకానిదా, నిజంగా మంచి చెక్క ఇచ్చేదా అన్నది తేల్చుకోవాలి. తేల్చుకునే పద్ధతి ఇదీ:

కొత్త 12-53 తీగలు (లైట్ సెట్) వేయమనండి. పాత తీగల మీద ఏ గిటార్‌నూ అంచనా వేయకూడదు. పిక్‌తో ఓపెన్ ఈ కార్డ్‌ను ముందు మెల్లగా, తర్వాత క్రమంగా గట్టిగా, చివరికి మీ చేతిలో ఉన్నంత బలంతో కొట్టండి. మంచి పలక మీ బలంతో పాటు పెరుగుతూ పోతుంది. అరిగిన పలక ఒక స్థాయి దాటాక పెరగదు, స్వరాలు ఒకదాంట్లో ఒకటి కలిసి ముద్ద అయిపోతాయి. తర్వాత పై ఈ తీగను 10, 12, 14 ఫ్రెట్ల దగ్గర విడివిడిగా మీటండి. స్వరం గుండ్రంగా, ఒంట్లో బరువున్నట్టు రావాలి. టిక్కుమని ఆరిపోతుంటే, కింద బేస్ ఒక్కటే మోగుతుంటే అనుమానించాలి. డి-18 పేరు తెచ్చుకున్నదే తీగ తీగకూ మధ్య ఉండే స్పష్టతతో. మహోగని ఒంటికి బేస్ పొంగు స్వతహాగా రోజ్‌వుడ్ కంటే తక్కువ. డి-18 ఒకటి రోజ్‌వుడ్ ఒంటి డి-28 కంటే ఎక్కువ గుమ్ముమంటుంటే సంతోషించే ముందు కొలత పెట్టండి.

చెక్కను కొలవడం

సౌండ్‌హోల్ అంచు దగ్గర డిజిటల్ కాలిపర్ పెట్టి నాలుగు చోట్ల కొలవండి. పూతతో కలిపి 2.8 నుంచి 3.0 మిల్లీమీటర్ల మధ్య వస్తే నిశ్చింత. 2.6 వస్తే జాగ్రత్త, 2.5 కన్నా తక్కువైతే నేనైతే వదిలేస్తాను. అయితే శాండింగ్ ఎప్పుడూ అంతటా సమంగా ఉండదు. బయటి అంచుల దగ్గర, బ్రిడ్జ్ చుట్టూ ఎక్కువ రుద్దేస్తారు. అందుకే వీలుంటే మాగ్నెటిక్ థిక్‌నెస్ గేజ్ ఉన్న రిపేరర్ దగ్గరికి తీసుకెళ్ళండి. లోపల ఒక చిన్న అయస్కాంతం పెట్టి, బయటినుంచి పలక మీద ఏ చోటైనా మందం చదవగలిగే పరికరం అది. కింది భాగంలో రెండు పక్కలా, బ్రిడ్జ్ వెనక, పిక్‌గార్డ్ పక్కన చదివించండి. ఆ అరగంటకు ఇచ్చే డబ్బు దండగ కాదు.

పరికరం లేకపోయినా కంటికి దొరికే ఆనవాళ్ళు ఉన్నాయి. సౌండ్‌హోల్ చుట్టూ ఉండే నలుపు, తెలుపు వలయాలు కొన్నిచోట్ల పలచబడి, గీత వెడల్పు మారి ఉంటే అక్కడ బాగా రుద్దారు. పక్కలకు, పైపలకకు మధ్య అంచు పట్టీ, అంటే బైండింగ్, ఒక చోట మందంగా, ఇంకో చోట సన్నగా ఉన్నా అంతే. అంచులు కొత్తలో పదునైన మూలతో ఉంటాయి, వాటిని సబ్బు బిళ్ళలా గుండ్రంగా చేసేశారంటే చెయ్యి ఆగలేదని అర్థం. హెడ్‌స్టాక్ మీద మార్టిన్ డెకాల్ (పేరున్న స్టిక్కర్) అసలుదేనా, కొత్తగా అతికించినదా చూడండి. డెకాల్ చుట్టూ పూత జాగ్రత్తగా కాపాడి, మిగతాది మాత్రమే తీసిన పనివాడైతే పలక మీద కూడా జాగ్రత్తగానే ఉండి ఉంటాడు. ఇది రుజువు కాదు, కానీ నా అంచనాలో ఎక్కువసార్లు నిజమయ్యే సూచన.

తర్వాత బ్రిడ్జ్ వెనక ఉక్కు స్కేల్‌ను అడ్డంగా పెట్టండి. పలక కొద్దిగా ఉబ్బి ఉండటం సహజం. లైట్ తీగల సెట్ లాగుడే 70 కిలోల పైమాట, డెబ్బై ఏళ్ళ పాటు. స్కేల్ చివరల దగ్గర రెండు, మూడు మిల్లీమీటర్ల ఖాళీ కనిపిస్తే కంగారు లేదు. ఐదు దాటి ఉంటే, దానితోపాటు బ్రిడ్జ్ ముందు, సౌండ్‌హోల్ దగ్గర పలక లోపలికి కుంగి ఉంటే పలక అరిగిపోయినట్టో, బ్రేసులు ఊడినట్టో లెక్క. వేలి కొనతో పలక అంతటా తట్టుతూ వెళ్ళండి. ఊడిన బ్రేసు ఉన్నచోట గరగరమని మోగుతుంది. బ్రేసు ఊడితే మళ్ళీ జిగురు పెట్టి అతికించవచ్చు, అది పెద్ద ఖర్చు కాదు. పలక అరిగితే మందు లేదు.

ఇంకో ముఖ్యమైన తనిఖీ, చిన్న అద్దం, టార్చి పెట్టి లోపలికి చూడటం. పాత తరహా టోన్ కావాలని తర్వాతి దశాబ్దాల్లో చాలా డి-18ల బ్రేసులను లోపలినుంచి చెక్కేశారు. 1956 గిటార్‌లో బ్రేసు మధ్యలో గుంట కనిపిస్తే, ఉలి గీతలు తాజా చెక్క రంగులో ఉంటే అదే జరిగింది. బాగా చేసిన పని మంచిగానే వినిపిస్తుంది, కాకపోతే అరిగిన పలక, చెక్కిన బ్రేసులు రెండూ కలిస్తే ఆ గిటార్ మీడియం తీగలు ఎప్పటికీ మోయలేదు. బ్రిడ్జ్ కింది పలక కూడా చూడండి. చిన్న మేపుల్ ముక్కే ఉంటే సంతోషం, తీగల చివరి గుండ్లు దాన్ని కొరికి రంధ్రాలు పెద్దవైనా పూడ్చి సరిచేయవచ్చు. దాన్ని పీకేసి అరచేతంత రోజ్‌వుడ్ పలక పెట్టి ఉంటే టోన్ మీద ఆ బరువు ప్రభావం రీఫినిష్ కంటే ఎక్కువ ఉంటుంది. ‘‘రీఫినిష్ వల్ల మొద్దుబారింది’’ అని నా బల్ల మీదికి వచ్చే గిటార్లలో తప్పు పూతది కాకుండా లోపలి ఆ పలకది అయిన సందర్భాలు తక్కువేం కాదు.

ఏ పూత వేశారో తెలుసుకోవడం

అమ్మేవాడు ‘‘లక్కర్’’ అంటాడు. ఆ మాటలో అన్నీ ఇమిడిపోతాయి. చీకటి గదిలో అల్ట్రావయొలెట్ టార్చి, 365 నానోమీటర్లదైతే మేలు, వేసి చూడండి. వయసు మీరిన నైట్రో పసుపు కలిసిన ఆకుపచ్చగా మెరుస్తుంది. లక్క నారింజ రంగులో కనిపిస్తుంది. పాలిస్టర్, పాలియురెథేన్ చాలావరకు నీలి పాలరంగులోనో, మెరుపు లేకుండా ముదురు ఊదాలోనో ఉంటాయి. ఒంటి మీద ఒక రంగు, నెక్ మీద ఇంకో రంగు కనిపిస్తే రెండూ వేర్వేరు కాలాల్లో వేసినవి. అతుకులు, పగుళ్ళ రిపేర్లు కూడా ఈ వెలుతురులో దాగవు.

అమ్మేవాడు ఒప్పుకుంటే మాత్రమే ద్రావక పరీక్ష చేయాలి, అదీ ట్యూనర్ పలక కిందో, స్ట్రాప్ బటన్ కిందో కనిపించని చోట. దూది పుల్లకు డినేచర్డ్ ఆల్కహాల్ తడిపి పెడితే లక్క జిగటగా మారుతుంది, నైట్రో అంత తొందరగా లొంగదు. లక్కర్ థిన్నర్‌కు నైట్రో కరుగుతుంది. దేనికీ చలించకపోతే పాలిస్టరో, పాలియురెథేనో అన్నమాట.

సన్నటి పగుళ్ళ వల కూడా చూడండి. నైట్రో చలికి, వేడికి ఇలా చెక్క ఈనెకు అడ్డంగా పగులుతుంది, టోన్‌కు హాని లేదు. మందపాటి పాలిస్టర్ పగలడానికి బదులు పెచ్చులుగా లేస్తుంది, లేచిన అంచులో దాని మందం కంటికే కనిపిస్తుంది.

బ్రిడ్జ్ అంచు కిందికి ఒక పలుచని కాగితం ముక్క దూర్చి చూడండి. దూరిందంటే బ్రిడ్జ్ లేస్తోంది. రీఫినిష్ చేసినవాళ్ళు కొందరు బ్రిడ్జ్ కూర్చునే చోట పూత గీకకుండా దాని మీదే అతికిస్తారు. జిగురు చెక్కకు పట్టాలి గానీ పూతకు కాదు. పిక్‌గార్డ్ సంగతీ అంతే. ఆ కాలంలో మార్టిన్ సెల్యులాయిడ్ పిక్‌గార్డ్‌ను నేరుగా చెక్కకు అతికించి పైనుంచి లక్కర్ కొట్టేది. సెల్యులాయిడ్ కాలక్రమేణా ముడుచుకుని, తనతోపాటు స్ప్రూస్‌ను లాగి, పక్కన ఈనె వెంట చీల్చేది. 1956 గిటార్‌కు ఆ పగులు లేదా దాని రిపేర్ ఉండటం దోషంగా చూడకండి. దాన్ని చక్కగా మూసి, లోపల చిన్న పట్టీలు వేశారా లేదా అన్నది చూస్తే చాలు.

నెక్ కోణం, అంటే అసలు ఖర్చు

టోన్ గురించి ఎంత మాట్లాడుకున్నా, ఈ వయసు గిటార్‌కు మీ జేబు మీద పడేది నెక్ రీసెట్. దశాబ్దాల లాగుడుకు ఒళ్ళు కొద్దిగా వంగి, నెక్ ముందుకు వస్తుంది. తీగలు ఫింగర్‌బోర్డ్ మీద పైకి లేస్తాయి.

ఉక్కు స్కేల్‌ను ఫ్రెట్ల మీద పొడవుగా పెట్టి బ్రిడ్జ్ వైపు జరపండి. దాని కొన బ్రిడ్జ్ పైఅంచు మీదుగా వెళ్ళాలి, లేదా సరిగ్గా దాన్ని తాకాలి. బ్రిడ్జ్ ముఖానికి మధ్యలో గుద్దుకుంటే రీసెట్ కావాలి. 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు లావు ఈ తీగ కింద 2.4, సన్న ఈ తీగ కింద 1.6 మిల్లీమీటర్లు ఉండి, అప్పటికీ శాడిల్ బ్రిడ్జ్ పైన మూడు మిల్లీమీటర్లైనా కనిపిస్తుంటే బంగారం. తీగ ఎత్తు బాగుండి శాడిల్ కనీకనిపించకుండా ఉంటే మోసపోకండి, దాన్ని అరగదీసి ఎత్తు తగ్గించారు. కొన్నింటికి శాడిల్ చాలక బ్రిడ్జినే పైనుంచి చెక్కేస్తారు. అసలు బ్రిడ్జ్ మందం 8.5 మిల్లీమీటర్ల పైచిలుకు, ఆరో ఏడో ఉంటే చెక్కినట్టే. శాడిల్ దగ్గర పలకకు తీగ ఎత్తు 12 నుంచి 13 మిల్లీమీటర్లు ఉన్నప్పుడే పలకను కదిపే పట్టు వస్తుంది. అది తగ్గితే మంచి పలక కూడా సగమే పలుకుతుంది.

రీఫినిష్ గిటార్‌కు రీసెట్‌లో అదనపు చిక్కు ఒకటుంది. నెక్, ఒళ్ళు కలిసే సందు మీదుగా కొత్త పూత ఒకే పొరగా పరుచుకుని ఉంటుంది. ముందు పదునైన కత్తితో ఆ గీత వెంట కోయకుండా నెక్ లాగితే పూత పెద్ద పెచ్చులుగా ఊడి వస్తుంది. 15వ ఫ్రెట్ తీసి, దాని గాడిలోంచి, నెక్‌ను ఒంటికి కలిపే డవ్‌టెయిల్ జాయింట్‌లోకి ఆవిరి పంపి నెక్ విడదీస్తారు. ఆ ఆవిరి నైట్రోను తెల్లగా మబ్బు పట్టిస్తుంది కూడా. పాత మార్టిన్‌ల మీద చెయ్యి తిరిగినవాడితోనే చేయించండి. అమెరికాలో ఈ పనికి 600 నుంచి 1,000 డాలర్ల దాకా, ఫ్రెట్లు కూడా మారిస్తే ఇంకాస్త అనుకోండి.

నెక్ నిటారుగా ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. తిప్పే రాడ్ లేదు కాబట్టి నెక్ విల్లులా వంగి ఉంటే, గాడికి కొంచెం లావు కాళ్ళున్న ఫ్రెట్లు బిగించి వెనక్కి నెట్టాల్సి వస్తుంది.

ధర

పాత గిటార్ల మార్కెట్‌లో రీఫినిష్ అయినదానికి అసలు ఫినిష్ ఉన్నదాని ధరలో సగం అన్నది చాలాకాలంగా నడుస్తున్న కొలమానం. అద్భుతంగా చేసినదైతే కాస్త పైన, పాలిస్టర్ కొట్టినదైతే ఇంకా కింద. మీ 6,000 లెక్క ప్రకారం 3,000. సరిగ్గా రీసెట్ అయి, ఫ్రెట్లు బాగుండి, పలక 2.8 పైన ఉంటే 3,000 నుంచి 3,200 ఇవ్వడంలో తప్పు లేదు. రీసెట్ కావాలంటే 2,300 ప్రాంతం నుంచి బేరం మొదలుపెట్టండి. పలక 2.6 ఉండి ధ్వని మాత్రం బాగుంటే, లైట్ తీగలకే పరిమితమైన గిటార్‌గా దాన్ని చూసి ఇంకా తగ్గించాలి.

డబ్బు పెట్టుబడిగా చూసేవాళ్ళు దీని జోలికి రాకూడదు, అసలు ఫినిష్ ఉన్నవాటి ధర పెరిగినట్టు దీనిది పెరగదు. రోజూ వాయించేవాళ్ళకు మాత్రం ఇంతకంటే మంచి బేరం నాకు తెలియదు. డెబ్బై ఏళ్ళు ఆరిన చెక్క సగం ధరకే చేతికి వస్తోంది. గీత పడుతుందేమోనని భయపడుతూ పెట్టెలో దాచుకోవాల్సిన పనీ లేదు.

మళ్ళీ ఫినిష్ చేయించాలా

వద్దు. ఇప్పుడున్నది నైట్రో అయి, గట్టిగా అంటుకుని ఉంటే ముట్టుకోకండి. రెండోసారి తీస్తే రెండోసారి చెక్క పోతుంది. ఎంత ఖర్చు పెట్టినా మార్కెట్‌లో అది ‘‘రీఫినిష్’’గానే ఉంటుంది, ధర పైసా పెరగదు. మురికి ఉంటే మెత్తటి నూలు గుడ్డకు నాఫ్తా తడిపి తుడవండి, నైట్రోకు హాని లేదు. సిలికోన్ కలిసిన ఫర్నిచర్ పాలిష్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. అది పగుళ్ళలోకి దిగితే తర్వాత ఏ పూతా, ఏ జిగురూ సరిగ్గా పట్టదు.

నేను ముందు చెప్పిన ఆ ఒక్క పరిస్థితి ఇది: మందపాటి పాలిస్టర్ ఉండి, గిటార్ స్పష్టంగా మూగబోయి, కింద పలక మందం మాత్రం బాగుండటం. అలాంటప్పుడు పైపలక ఒక్కదానికి చేయిస్తే చాలు, వెనక, పక్కలు వదిలేయవచ్చు. పనివాడిని ఎంచుకునేటప్పుడు పద్ధతి అడగండి. పాలిస్టర్‌ను వేడి గాలితో మెత్తబరిచి పలుచని బ్లేడుతో, కార్డ్ స్క్రేపర్‌తో పొరగా లేపాలి. కెమికల్ స్ట్రిప్పర్ వాడితే బైండింగ్‌కు, సౌండ్‌హోల్ వలయాలకు సోకకుండా కాపాడాలి, ఆ ప్లాస్టిక్ కరిగిపోతుంది. శాండ్ పేపర్ చివర్లో, 220, 320 నంబర్లు, చెక్క దిమ్మకు చుట్టి, ఈనె వెంట, నాలుగైదు సార్లు రుద్దడానికే. సొట్టలను తడిగుడ్డ, ఇస్త్రీ పెట్టె ఆవిరితో ఉబ్బించాలి గానీ వాటి లోతు దాకా చుట్టూ చెక్కను దించకూడదు. స్ప్రూస్‌కు రంధ్రాలు పూడ్చే ఫిల్లర్ అక్కర్లేదు, ఒక పలుచని సీలర్ చాలు. తర్వాత ఆరు నుంచి ఎనిమిది పలుచని నైట్రో కోట్లు, కనీసం మూడు, నాలుగు వారాలు ఆరబెట్టి, లెవెల్ చేసి, మెరుగు పెట్టాలి. లేదా ఫ్రెంచ్ పాలిష్. అది ఇంకా తేలిక, టోన్‌కు మేలు, కానీ చెమటకు, చేతి రాపిడికి త్వరగా అరుగుతుంది. ‘‘శాండర్ పెట్టి ఒక రోజులో తీసేస్తా’’ అన్నవాడికి దండం పెట్టి వచ్చేయండి.

హైదరాబాద్‌లో గానీ, విజయవాడలో గానీ ఫర్నిచర్‌కు మెలమైన్, పీయూ (పాలియురెథేన్) కొట్టేవాళ్ళకు ఈ గిటార్ ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి. తలుపులకు, డైనింగ్ టేబుల్‌కు అవి మంచి పూతలే, అద్దంలా మెరుస్తాయి. మూడు మిల్లీమీటర్ల స్ప్రూస్ పలకకు అవి బరువు.

హైదరాబాద్ తీసుకురావడం

ముందు కాగితాలు. 1950లలో డి-18 ఫింగర్‌బోర్డ్, బ్రిడ్జ్‌కు వాడింది బ్రెజిలియన్ రోజ్‌వుడ్. ఆ చెక్క 1992 నుంచి సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది, అంటే దేశాల మధ్య కదలికపై అత్యంత కఠినమైన ఆంక్షలున్న వర్గం. ‘‘నాది మహోగని గిటార్ కదా’’ అనుకుని చాలామంది ఈ సంగతి మర్చిపోతారు. అమెరికా నుంచి బయల్దేరక ముందే అక్కడి ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్‌లో పాత వాద్యాలకు ఇచ్చే సర్టిఫికెట్ గురించి అడిగి, దరఖాస్తు పెట్టుకోండి. టైము పడుతుంది, టికెట్ కొన్నాక మొదలుపెడితే ఆలస్యమవుతుంది. గిటార్ వయసు రుజువుకు అమ్మినవాడి బిల్లు మీద సీరియల్ నంబర్, సంవత్సరం రాయించుకోండి.

వాతావరణానికి వస్తే, గిటార్‌కు 45 నుంచి 50 శాతం తేమ హాయి. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే మధ్యాహ్నాలు 30 శాతం లోపుకు దిగుతుంది, వానాకాలంలో 70, 80కి ఎక్కుతుంది. ఎండాకాలం పలక ముడుచుకుని మధ్య అతుకు దగ్గర, పిక్‌గార్డ్ పాత పగులు దగ్గర తెరుచుకుంటుంది. వానాకాలం ఉబ్బి తీగలు లేస్తాయి. పెట్టెలో చిన్న డిజిటల్ తేమ మీటర్, రెండువైపులా పనిచేసే తేమ ప్యాకెట్లు పెట్టి, వాయించనప్పుడు మూత వేసి ఉంచండి. విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాలకైతే ఎండిపోవడం కన్నా ఉబ్బడమే ఎక్కువ బాధ. ఎండలో కారు డిక్కీలో అరగంట కూడా వద్దు, జిగురు మెత్తబడి బ్రిడ్జ్ జరుగుతుంది. నైట్రో పూతకు రబ్బరు స్టాండ్లు పడవు, తగిలిన చోట పూత కరిగి మచ్చ పడుతుంది. స్టాండ్‌కు నూలు గుడ్డ చుట్టండి. దోమల కోసం చేతికి రాసుకునే క్రీముల్లో డీట్ అనే రసాయనం ఉంటే అది కూడా లక్కర్‌ను తినేస్తుంది, చేతులు కడుక్కుని గిటార్ పట్టుకోండి.

మళ్ళీ ఆ షాపుకు వెళ్ళినప్పుడు సౌండ్‌హోల్ అంచు నాలుగు కొలతలు, శాడిల్ ఎంత పైకి ఉందో, ఫ్రెట్ల మీద పెట్టిన స్కేల్ కొన బ్రిడ్జ్‌ను ఎక్కడ తాకుతోందో ఒక ఫొటో, లోపల బ్రిడ్జ్ పలక ఫొటో, అల్ట్రావయొలెట్ వెలుగులో ముందువైపు ఒక ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. అవి చూస్తే ఎంత దాకా బేరం ఆడవచ్చో అంకె చెప్పగలను.